చీపురు దెబ్బ

బొంగరానికి తన తోడల్లుడంటే పడేది కాదు. ఈ మాట అతను పైకి ఎవరితోనూ అనలేదు గానీ, ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.

బొంగరం అసలు పేరు కాదు. అతను ఆఫ్ స్పిన్ వేస్తాడు. బంతి వేళ్ళ మధ్య నుంచి వదిలితే బుయ్యిమని రొద చేసుకుంటూ వెళ్ళేదని, కుర్రతనంలో జట్టువాళ్ళు పెట్టిన పేరు. ఆ పేరుతోనే చాలా ఏళ్ళు దేశానికి టెస్టులు ఆడాడు. తోడల్లుణ్ణి చీపురు అంటారు. అదీ పెట్టిన పేరే. స్పిన్నర్ ఎలాంటి బంతి వేసినా సరే, ఒక మోకాలు నేలకానించి, బ్యాటు అడ్డంగా తిప్పి, గచ్చు ఊడ్చినట్టు ఊడ్చి బౌండరీకి పంపేస్తాడు. ఆ స్వీపు షాట్ కొడుతుంటే జనం స్టేడియంలోకి ప్లాస్టిక్ చీపుర్లు తెచ్చి ఊపుతారు. టీవీలో మాట్లాడేవాళ్ళు ఆ పేరు చెప్పి మురిసిపోతారు. ఆ పేరు పెట్టింది మాత్రం బొంగరమే. అక్కడే ఉంది కడుపుమంటంతా.

అప్పట్లో చీపురుకి ఇంకా పెళ్ళి కాలేదు. బొంగరం మరదల్ని ఇష్టపడి, ఆ ఇంటి చుట్టూ తిరుగుతున్న రోజులు. బ్యాటింగ్ బాగానే చేసేవాడు గానీ స్పిన్ పడితే కాళ్ళు కట్టేసినట్టు నిలబడిపోయేవాడు. ఓరోజు బొంగరం దగ్గరికొచ్చి, "అన్నయ్యా, కాస్త నెట్స్‌లో బంతులు వెయ్యవా" అని అడిగాడు. కాబోయే తోడల్లుడు కదా అని బొంగరం జాలిపడ్డాడు. ఆ సెలవుల్లో రోజూ పొద్దున్నే వేశాడు. బంతి లోపలికి తిరిగి బ్యాటుకీ ప్యాడుకీ మధ్యలోంచి దూరిపోయేది. లోపలికి వస్తుందని ఆడితే నేరుగా వెళ్ళిపోయేది. మూడు స్టంపులూ ఎన్నిసార్లు నిలబెట్టుకున్నారో లెక్కలేదు. చివరికి విసుగెత్తి, ఒకరోజు ఆ కుర్రాడు మోకాలు వంచి, పడ్డ బంతిని పడ్డట్టే అడ్డంగా కొట్టేశాడు.

బొంగరం పడీపడీ నవ్వాడు. "ఏంట్రా, బంతి ఆడమంటే ఊడుస్తున్నావు? చీపురు తెచ్చివ్వమంటావా?"

ఆ నవ్వే కొంప ముంచింది. రెండేళ్ళు తిరిగేసరికి ఓ దేశవాళీ మ్యాచ్‌లో ఇద్దరూ ఎదురుపడ్డారు. సెలక్టర్లు గ్యాలరీలో కూర్చుని చూస్తున్నారు. చీపురు ఆ రోజు బొంగరాన్ని ఎడాపెడా ఊడ్చేసి సెంచరీ కొట్టాడు. తర్వాతి టెస్టుకి జట్టు ప్రకటిస్తే ఒక పేరు కొత్తగా చేరింది, ఒక పేరు పోయింది. మరదలి పెళ్ళి ఫోటోల్లో బొంగరం నవ్వు చూస్తే పన్ను పీకించుకుని వచ్చినవాడిలా ఉంటుంది.

ఏకులా వచ్చి మేకై కూర్చోవడమంటే ఏంటో అతనికి ఆ తర్వాత రోజూ తెలిసొచ్చింది. మామగారు రిటైరైన అంపైరు. ఇంట్లోనూ తీర్పులే ఇచ్చేవారు. టీవీకి ఎదురుగా ఒక వాలుకుర్చీ ఉండేది, అది పెద్దల్లుడిది. ఒక ఆదివారం భోజనాలయ్యాక బొంగరం చేతులు కడుక్కుని వచ్చేసరికి అందులో చీపురు కూర్చుని ఉన్నాడు. లేవబోయాడు. "నువ్వు కూర్చో అల్లుడూ, అలసిపోయి వచ్చావు" అన్నారు మామగారు. పెద్దల్లుడికి వంటింట్లోంచి స్టూలు వచ్చింది. దాని కాలొకటి పొట్టి. ఆ మధ్యాహ్నమంతా బొంగరం ఊగుతూనే మ్యాచ్ చూశాడు.

అతని భార్య కళ్ళద్దాల దుకాణం నడుపుతుంది. మొగుడి మొహం చదవడానికి ఆవిడకి అద్దాలక్కర్లేదు. ఇంటికెళ్ళే దారిలో అంది: "కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాడికి ఏ నంబరు అద్దాలూ పనిచెయ్యవు. నేనా వ్యాపారంలోనే ఉన్నాను, నా మాట నమ్ము."

"నాకేం మంట లేదు."

"లేకపోతే ఆ స్టూలుని ఎందుకు తన్నావు?"

నిజానికి అతని బాధ చీపురొక్కడితోనే కాదు. అతని పనే మారిపోయింది. అతను నేర్చుకున్న స్పిన్ వల పన్ని కూర్చునే పని. బంతిని కంటి ఎత్తు కన్నా పైకి వెయ్యాలి, బ్యాటర్‌ని ముందుకి లాగాలి. ఆ బ్యాటర్ కాలు ముందుకేసి, చేతులు మెత్తగా పెట్టి అడ్డుకుంటాడు. ఇంకోటి, ఇంకోటి. గంట గడుస్తుంది. ఒక బంతి వేలెడంత ముందు పడుతుంది, లేదా తిరగాల్సింది తిరగదు. అంతే. ఇప్పుడెవరికీ గంట లేదు. బ్యాట్లు మందమయ్యాయి, బౌండరీ తాళ్ళు దగ్గరికొచ్చాయి, పొట్టి మ్యాచ్‌లాడి వచ్చినవాళ్ళు టెస్టులోనూ మొదటి బంతి నుంచే ఊడుస్తారు, తిరగేసి కూడా ఊడుస్తారు. రెండు ఫోర్లు పోతే కెప్టెన్ చెయ్యి ఊపుతాడు: చాల్లే, ఇటివ్వు. లేదంటే, "వికెట్లు నువ్వు తియ్యక్కర్లేదు, ఫాస్ట్ బౌలర్లు కాస్త ఊపిరి పీల్చుకునేదాకా పరుగులు ఆపు" అంటాడు. బొంగరం ఆ మాట విన్నాడు కూడా. బంతిని చదునుగా, వేగంగా తోసెయ్యడం మొదలెట్టాడు. పరుగులు కొంచెం ఆగాయి. గాలిలో ఆ బుయ్యిమనే రొద కూడా ఆగిపోయింది. తర్వాత ఒకటి రెండుసార్లు జట్టులోకి తిరిగొచ్చినా, అతన్ని మళ్ళీ తీసెయ్యడానికి ఎవరికీ మొహమాటం వెయ్యలేదు.

అలాంటిది, జట్టులో ఉన్న స్పిన్నర్‌కి భుజం పట్టేయడంతో, ఒక సిరీస్ మధ్యలో బొంగరానికి మళ్ళీ పిలుపొచ్చింది. ఎగిరి గంతేశాడు. తీరా వెళితే సంగతి వేరు. పదకొండు మందిలో చోటు లేదు. అవతలి జట్టులో ఒక పాతకాలపు ఆఫ్ స్పిన్నర్ ఉన్నాడు, అతని బంతి అలవాటయ్యేలా మనవాళ్ళకి నెట్స్‌లో వెయ్యాలట. ముఖ్యంగా చీపురుకి.

"అన్నయ్యా, మళ్ళీ మనిద్దరమే!" అన్నాడు చీపురు, ప్యాడ్లు కట్టుకుంటూ, మనస్ఫూర్తిగానే.

"ఆ, మనిద్దరమే" అన్నాడు బొంగరం.

రెండు రోజులు వేశాడు. మొదటి రోజు వొళ్ళు మండి వేశాడు, ఊడిపించుకున్నాడు. రెండోరోజు కాస్త చల్లబడి చూస్తూ వేశాడు. అప్పుడు కనిపించింది. ఊడవాలని అనుకున్నప్పుడు చీపురు ఎడమకాలి బొటనవేలు, బంతి ఇంకా బౌలర్ చేతిలో ఉండగానే, బయటికి తిరుగుతోంది. బూటు ముక్కు తలుపులా తెరుచుకుంటుంది. మామూలుగా ఆడేటప్పుడు తిరగదు. అంటే వీడు బంతి చూసి ఊడవడం లేదు, ముందే తీర్మానం చేసుకుంటున్నాడు. ఆ బూటు తిరగడం చూసి, ఆఖరి క్షణంలో బంతిని ఇంకాస్త పైకి, ఇంకాస్త నిదానంగా వదిలితే, బ్యాటు ముందే తిరిగిపోతుంది. బంతి తర్వాత వచ్చి, ఎగిరి, గ్లవుకి తగులుతుంది.

చెప్పాలి. జట్టులో ఉన్నవాడు, పైగా ఇంటివాడు. కోచ్ పక్కనే ఉన్నాడు. నోరు తెరిస్తే సరిపోయేది. బొంగరం నోరు తెరిచి మంచినీళ్ళు తాగి మూసేశాడు. ఆ సాయంత్రం హోటల్ గదిలో అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే తనకే తెలియకుండా ఈల వేస్తున్నాడు. ఎన్నాళ్ళకో అతని దగ్గర తోడల్లుడికి లేనిది ఒకటి ఉంది.

టెస్టు మొదలైంది. బొంగరం పని డ్రింకులు మొయ్యడం, గ్లవులు మార్చడం. అవతలి స్పిన్నర్‌ని రెండు జట్లవాళ్ళూ తాతయ్య అనేవాళ్ళు. నలభైకి దగ్గరపడ్డవాడు, బొంగరంతో పాతికసార్లు తలపడ్డవాడు, ఒకరి వేళ్ళు ఒకరికి తెలిసినవాళ్ళు. చీపురు అతన్ని కనికరించలేదు. మొదటి ఓవర్లో రెండుసార్లు ఊడ్చాడు, రెండో ఓవర్లో తిరగేసి ఊడ్చాడు. జనంలో చీపుర్లు లేచాయి. తాతయ్యని తప్పించి ఫాస్ట్ బౌలర్‌ని తెచ్చారు, మళ్ళీ చాలాసేపటికి గానీ ఇవ్వలేదు. చీపురు సెంచరీ కొట్టి బ్యాటెత్తాడు. డ్రెస్సింగ్ రూమ్ బాల్కనీలో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. బొంగరం కూడా లేచాడు. అతని రెండు చేతులూ కలుసుకున్నాయి గానీ చప్పుడు రాలేదు.

ఆట ముగిశాక రెండు జట్ల గదుల మధ్యనున్న వసారాలో తాతయ్య ఒక్కడే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చూపుడువేలు ఐసు గ్లాసులో ముంచుకున్నాడు. వేలి కణుపు కాయకాసి, చర్మం చిట్లి ఉంది. బొంగరానికీ అక్కడే అలాంటి కాయ ఉంది.

"రా తమ్ముడూ, కూర్చో" అన్నాడు తాతయ్య. "మీ తోడల్లుడు నా దుమ్ము దులిపాడు. చీపురు కదా మరి."

బొంగరం కూర్చున్నాడు. కాసేపు వేళ్ళ గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. తర్వాత ఏమైందో, గొంతులో అడ్డుపడింది జారినట్టు మాట జారిపోయింది.

"వాడి ఎడమ బూటు చూడు తాతయ్యా. ఊడవబోయే ముందు బయటికి తిరుగుతుంది."

అనేశాక వసారాలో అటూఇటూ చూశాడు. తాతయ్య మాత్రం ఆశ్చర్యపోలేదు. ఐసులో వేలు కదిపాడు.

"మొదటి ఓవర్లోనే చూశాను" అన్నాడు.

"చూశావా? మరి?"

"మరేం చెయ్యను? చూస్తే సరిపోతుందా? వాడిచేత రెండు మూడు కొట్టించుకోవాలి, ఊడవడం తేలిక అనిపించాలి, అప్పుడు వదలాలి ఆ బంతి. రెండు ఫోర్లు పోగానే మా కెప్టెన్ బంతి లాక్కున్నాడు. నీకు తెలియని బాధా ఇది?" అని బొంగరం మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, వెక్కిరింత లేదు. జాలి ఉంది. "సొంత జట్టువాడి గుట్టు నాకు చెప్పేటంత మండుతోందా నీకు? వెళ్ళు తమ్ముడూ. నేను వినలేదు, నువ్వు చెప్పలేదు."

బొంగరం లేచి వచ్చేశాడు. దొంగతనానికి వెళ్ళినవాడికి ఆ ఇంటి తలుపులు ముందే బార్లా తీసి ఉన్నట్టయింది. పాపమూ చేశాడు, ఫలమూ దక్కలేదు. అన్నిటికన్నా ఆ జాలి అతన్ని ఎక్కువ కాల్చింది.

ఐదోరోజు మనవాళ్ళు గెలవడానికి ఆడుతున్నారు. చీపురు క్రీజులో కుదురుకున్నాడు, చెయ్యాల్సిన పరుగులు తక్కువే, వికెట్లూ ఉన్నాయి. అప్పుడు అవతలివాళ్ళ ప్రధాన ఫాస్ట్ బౌలర్ పిక్క పట్టుకుని కుప్పకూలాడు. ఇద్దరు మోసుకుపోయారు. కెప్టెన్ చుట్టూ చూశాడు, ఇంకెవరూ లేరు. బంతి తాతయ్య చేతికొచ్చింది.

బొంగరం బాల్కనీ కటకటాలకి ఆనుకుని నిలబడ్డాడు. తాతయ్య మొదటి ఓవర్లో చీపురు రెండు ఫోర్లు ఊడ్చాడు. మన బాల్కనీలో నవ్వులు. రెండో ఓవర్లోనూ తాతయ్య వేగం పెంచలేదు, అంతే పైకి, అంతే నిదానంగా వేశాడు, ఇంకో ఫోరు పోయింది. కెప్టెన్ నడుచుకుంటూ వచ్చి చెయ్యి చాపాడు. తాతయ్య బంతిని వీపు వెనక దాచుకుని ఒక వేలు చూపించాడు: ఇంకొక్క ఓవర్. చెల్లెలికి కనపడకుండా మిఠాయి దాచుకున్న పిల్లాడిలా ఉన్నాడు. కెప్టెన్ విసుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ ఓవర్లో మూడో బంతికి చీపురు బూటు తిరిగింది. అంత దూరం నుంచి కనిపించదు, అయినా బొంగరానికి కనిపించింది. తాతయ్య క్రీజుకి అడుగు వెనకనుంచే బంతిని వదిలాడు, ఆకాశానికి అప్పగించినట్టు. చీపురు మోకాలు నేలకానింది, బ్యాటు తిరిగిపోయింది, బంతి ఇంకా రాలేదు. తాపీగా వచ్చి, పడి, లేచి, గ్లవుని ముద్దాడి గాల్లోకి లేచింది. దగ్గరున్న ఫీల్డర్ ముందుకి దూకి పట్టేశాడు.

"అబ్బా! అదీ బంతంటే!" అన్నాడు బొంగరం. చేతులు తల పైకెత్తి చప్పట్లు కొట్టాడు. ఈసారి చప్పుడొచ్చింది. బాల్కనీ అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయినందువల్ల మరీ గట్టిగా వచ్చింది. తిరిగి చూస్తే జట్టంతా అతన్నే చూస్తోంది. ఎదురుగా స్తంభం మీదున్న కెమెరా కూడా.

చీపురు తల దించుకుని వస్తూ, మెట్ల దగ్గర ఒకసారి తలెత్తి చూశాడు. నేరుగా లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వికెట్లు టపటపా రాలిపోయాయి. కాసిని పరుగుల తేడాతో మ్యాచ్ పోయింది.

కోచ్ మర్యాదగానే మాట్లాడాడు. "భుజం బాగయిన కుర్రాడు వచ్చేస్తున్నాడు. ఇక నీకు శ్రమెందుకు" అన్నాడు. బస్సులో బొంగరం పక్క సీటు ఖాళీగా ఉండిపోయింది. దారిలో భార్య ఫోన్ చేసింది.

"చూశావా?" అన్నాడు.

"చూడకేం? మూడుసార్లు చూపించారు, నిదానంగా తిప్పి మరీ. చెల్లెలు నా పక్కనే కూర్చుంది. లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. నాన్న టీవీ కట్టేశారు."

అతను ఇల్లు చేరాక రెండు రోజులు ఆవిడ ముక్తసరిగా ఉంది. మూడో రోజు దుకాణంలో జనం పలచబడ్డాక, ఒక అద్దం తుడుస్తూ అడిగింది. "ఒక్కటే అడుగుతాను, నిజం చెప్పు. బంతి బాగుందని కొట్టావా, వాడు పోయాడని కొట్టావా?"

బొంగరం కౌంటర్ మీదున్న ఫ్రేములన్నీ వరసగా సర్దాడు. "రెండూ" అన్నాడు.

"మొదటిదానికి నిన్ను క్షమిస్తారు. రెండోదానికి నువ్వే ఏదో ఒకటి చేసుకోవాలి" అని ఆవిడ ఆ అద్దం పెట్టెలో పెట్టేసింది.

ఏం చేసుకోవాలో అతనికి తోచలేదు. ఫోన్ తీసి తోడల్లుడి నంబరు వరకూ వెళ్ళడం, మానెయ్యడం. మరదలికి చేస్తే ఎత్తలేదు. పొద్దున్నే తన క్లబ్ మైదానానికి వెళ్ళి, ఖాళీ నెట్స్‌లో ఒంటరిగా ఒక స్టంపుకి బంతులు వేసుకునేవాడు. సిరీస్ ముగిశాక ఒకరోజు అలా వేస్తుంటే గేటు కిర్రుమంది. చీపురు. భుజాన కిట్ బ్యాగు. పలకరించకుండా కూర్చుని ప్యాడ్లు కట్టుకున్నాడు. హెల్మెట్ పెట్టుకుని స్టంపు ముందు నిలబడ్డాడు.

"వెయ్యి" అన్నాడు.

బొంగరం వేశాడు. చీపురు ఊడవలేదు. కాలు ముందుకేసి ఆడబోయాడు. బంతి బ్యాటుకీ ప్యాడుకీ మధ్యలోంచి వెళ్ళి స్టంపుకి తగిలింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ తగిలింది. అలా చాలాసేపు జరిగింది. చివరికి చీపురు హెల్మెట్ తీసి నేలకేసి కొట్టాడు.

"చూశావుగా? ఇదీ నేను. అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. నీ చేతిలోంచి వచ్చేది ఏది తిరుగుతుందో, ఏది తిరగదో నాకు ఏనాడూ తెలీదన్నయ్యా. తిరగకముందే ఊడ్చేస్తే తెలుసుకోవాల్సిన అవసరమే ఉండదు కదా! ఆడటం చేతకాక నేను ఊడ్చాను. లోకమేమో అదో గొప్ప విద్య అంది. రోజూ భయపడుతూనే ఆడుతున్నాను, ఎవడో ఒకడు కనిపెట్టేస్తాడని."

బొంగరం బంతిని చేతులు మార్చుకుంటూ నిలబడ్డాడు. లోపల ఏదో తియ్యగా ఉంది. ఆ తీపికి సిగ్గేసింది కూడా.

"నీకేం తక్కువ? మామయ్య కుర్చీ కూడా నీదే" అన్నాడు.

చీపురు నవ్వాడు, సంతోషంతో కాదు. "కుర్చీయా! నువ్వు బంతి వేస్తుంటే మామయ్య ఇంట్లో ఎవర్నీ నోరెత్తనిచ్చేవారు కాదట, వంటింట్లో గిన్నె చప్పుడైనా కోప్పడేవారట. మా ఆవిడ చెప్పింది. నేను ఆడుతుంటే ఆయన ఫోన్లో కరెంటు బిల్లు గురించి మాట్లాడుకుంటారు. నాకెంత కుళ్ళుగా ఉండేదో నీకేం తెలుసు?"

ఈ మాట బొంగరం కలలో కూడా ఊహించలేదు. తను ఇన్నేళ్ళూ ఎవరిని చూసి ఏడ్చాడో, వాడు తనని చూసి ఏడుస్తున్నాడట. వంగి పిచ్ మీదున్న గడ్డిపరక పీకాడు.

"నీ ఎడమ బూటు" అన్నాడు చివరికి. "ఊడవబోయే ముందు బయటికి తిరుగుతుంది. బంతి చేతిలో ఉండగానే."

చీపురు వంగి తన బూటు వంక చూసుకున్నాడు. "ఎప్పట్నుంచి తెలుసు?"

"ఆ మ్యాచ్ ముందు నెట్స్‌లో చూశాను."

"నాకు చెప్పలేదు." తలెత్తి, "తాతయ్యకి చెప్పావా?"

అబద్ధం ఆడొచ్చు. తాతయ్య ఎవరితోనూ అనడు. "చెప్పాను. అతనికి అప్పటికే తెలుసు."

"అంటే నీ మాట వల్ల నేను అవుటవ్వలేదు."

"అవ్వలేదు."

"అయినా చెప్పావు."

"చెప్పాను."

చీపురు బ్యాటు నేలకి ఆనించి, మైదానం చివర పైపుతో నీళ్ళు పెడుతున్న మనిషి వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. వెళ్ళిపోతాడనుకున్నాడు బొంగరం. వెళ్ళిపోతే ఆపకూడదనీ అనుకున్నాడు. చీపురు హెల్మెట్ ఏరుకుని, మట్టి దులిపి, పెట్టుకున్నాడు.

"నిన్ను చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. వెయ్యి" అన్నాడు. "బంతి చేతిలోంచి వచ్చేటప్పుడే ఏది ఏదో చెప్పుకుంటూ వెయ్యి."

మ్యాచ్‌లు లేని ఆ సెలవులన్నీ అలాగే గడిచాయి. బొంగరం చెప్పుకుంటూ వేశాడు, తర్వాత చెప్పకుండా వేశాడు. వేళ్ళు ఎక్కడ ఉంటే బంతి ఎటు పోతుందో, ఎప్పుడు మణికట్టు చూడాలో, ఎప్పుడు గాలిలో బంతి కుట్టు చూడాలో, చేతులు ఎంత మెత్తగా పెట్టుకోవాలో అంతా విప్పి చెప్పాడు. ఇన్నేళ్ళ విద్య. ఒక్కో గుట్టు చెప్పేటప్పుడూ సొంత వస్తువేదో ఎవరికో ఇచ్చేస్తున్నట్టు లోపల పీకేది. చీపురు డిఫెన్స్ కుదురుకుంటుంటే సంతోషమూ, ఉడుకుమోతుతనమూ ఒకేసారి వచ్చేవి. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నంలో ఉప్పెక్కువైందని తగువు పెట్టుకునేవాడు. "అర్థమైంది, ఇవాళ వాడు బాగా ఆడాడన్నమాట" అనేది భార్య. మరదలు ఎప్పుడు కరిగిందో తెలీదు గానీ, ఒక పొద్దున చీపురు ఇద్దరికి సరిపడా టీ ఫ్లాస్కు తెచ్చాడు. "మీ మరదలు ఇచ్చింది. నీతో ఇంకా మాట్లాడదట, టీ మాత్రం తాగమంది."

అనుకోని లాభం ఇంకొకటి కలిగింది. ఎదురుగా ఊడవనివాడు ఉంటే బంతిని చదునుగా తొయ్యాల్సిన పనేముంది? బొంగరం మళ్ళీ బంతిని పైకి వెయ్యడం మొదలెట్టాడు. మొదట అన్నీ తప్పాయి. మెల్లమెల్లగా బంతి గాలిలో ఆగి, దిగి, పడటం నేర్చుకుంది. ఒకనాడు చీపురు ఉన్నట్టుండి బ్యాటు దించి, "అన్నయ్యా, రొద వస్తోంది" అన్నాడు.

కొత్త సీజన్లో ఇద్దరి జట్లూ దేశవాళీ మ్యాచ్‌లో తలపడ్డాయి. మూడోరోజు మధ్యాహ్నానికి చీపురు జట్టు కష్టాల్లో పడింది. బొంగరం జట్టు కెప్టెన్ అతనికన్నా బాగా చిన్నవాడు, టీ విరామం కాగానే మొహమాటంగా బంతి ఇచ్చాడు. "ఓ రెండు ఓవర్లు చూద్దాం, సార్." ఎదురుగా చీపురు.

గ్యాలరీలో ఉన్న కొద్దిమందీ చీపురు ఎప్పుడు ఊడుస్తాడా అని ముందుకి జరిగి కూర్చున్నారు. చీపురు కాలు ముందుకేసి, బ్యాటు మెత్తగా ఆనించాడు. బంతి అతని కాళ్ళ దగ్గరే పడి చచ్చింది. రెండోది, మూడోది కూడా అంతే. ఆ ఓవర్లో పరుగు రాలేదు, తర్వాతి ఓవర్లోనూ రాలేదు. పరుగులే పోనప్పుడు బంతి లాక్కోవడానికి కెప్టెన్‌కి కారణం దొరకలేదు. బొంగరం వేస్తూనే ఉన్నాడు. ఒకసారి బంతి బ్యాటు అంచుకి వెంట్రుకవాసిలో తప్పింది. ఒకసారి గ్లవుకి తగిలి దగ్గరి ఫీల్డర్ వేళ్ళ చివర్ల నుంచి జారిపోయింది. బొంగరం రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. చీపురు హెల్మెట్ లోంచి నవ్వు ఆపుకుంటున్నాడు.

"చీపురు ఇంట్లో మర్చిపోయొచ్చావా?" అని ఎవడో గ్యాలరీలోంచి అరిచాడు. కాసేపటికి వాళ్ళూ లేచి వెళ్ళిపోయారు. వాళ్ళకి చూడ్డానికి ఏమీ జరగడం లేదు. మైదానంలో ఉన్న ఇద్దరికి మాత్రం ఊపిరాడటం లేదు. నీడలు పొడుగైనా, వేలి మీది కాయ చిట్లి రక్తం వచ్చినా, బొంగరం దాన్ని ప్యాంటుకి తుడుచుకుని మళ్ళీ వేశాడు. అంపైర్లు బెయిల్స్ తీసేసరికి చీపురు నాట్ అవుట్.

ఇద్దరూ పక్కపక్కనే నడిచి వచ్చారు.

"బూటు తిరిగిందా?" అన్నాడు చీపురు.

"తిరగలేదు. తిరిగుంటే ఇంటికి పంపేవాణ్ణి."

గేటు దగ్గర ముగ్గురు విలేకరులు చీపురుని చుట్టుముట్టారు. స్పిన్ ఆడటం ఇంతలా ఎలా మారిందని అడుగుతున్నారు. బొంగరాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. పాత మంట చురుక్కుమంది. పోదు అది, ఎక్కడికి పోతుంది? బూట్లు విప్పుకోవడానికి లోపలికి వచ్చి, చిట్లిన వేలు ఐసులో పెట్టుకుని, రెండో చేత్తో భార్యకి ఫోన్ చేశాడు.

"ఎన్ని వికెట్లు?" అంది ఆవిడ.

"ఒక్కటి కూడా రాలేదు."

"వాడు?"

"అవుటవ్వలేదు. బయట వాడి చుట్టూ జనం."

"మరి నీ గొంతేంటి, అంత హుషారుగా ఉంది?"

"రేపు పొద్దున్న మొదటి ఓవర్ నన్నే వెయ్యమన్నాడు కెప్టెన్" అన్నాడు బొంగరం.